కదపని సముద్రం

ఆ తూర్పుగాలుల కాలంలో మా అమ్మాయి నీఫా, పోటు తెచ్చి పడేసిన పాత చెప్పులు ఏరుకొచ్చి, వాటి రబ్బరు కోసి నన్ను బొమ్మగా తయారు చేసింది. జానెడు కూడా లేను. ఎముకలకు బదులు పీతల బుట్ట నుంచి ఊడదీసిన తీగ. తలకు నల్ల చెప్పు, ఒంటికి నీలం చెప్పు. భుజాన కావడి, కావడికి రెండు మట్టి తట్టలు. మూతి మాత్రం బిగించి పెట్టింది.

ఎవరు వీడు అని అడిగాను. ఎవరూ కాదు, మనిషి అంది.

సెమరాంగ్ పట్నంలో చేపలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో దాని పని. తెల్లారకముందే పోయి మధ్యాహ్నం తిరిగొచ్చేది. వచ్చేటప్పటికి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు ఉండేవి. చెక్కల వంతెన మీద చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, అన్నం కూడా సరిగ్గా తినకుండా మధ్యగదిలో దూరేది. పట్నంలో కుర్రకారు నడిపే గ్రంథాలయం ఒకటి బొమ్మల సినిమాల పోటీ పెట్టిందట. రెండు నిమిషాల సినిమా. విషయం 'రేపు'. ఫోనుతో తీస్తే చాలట. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి ఇంకో ఫొటో. అట్లా పన్నెండు తీస్తే ఒక సెకను. నేను అడుగు తీసి అడుగు వేయడానికి రెండు రోజులు పట్టింది.

అదే కాలంలో ఊరి కార్యాలయంలో పేర్లు రాస్తున్నారు. లోపల, కొండ వైపు, ప్రభుత్వం ఇళ్లు ఇస్తుందన్నారు. జూలై ఆఖరి రోజుతో జాబితా మూసేస్తారు, తర్వాత ఎవడు వచ్చి ఏడ్చినా రాసేది లేదన్నారు. అప్పటికే ఊళ్లో చాలామంది పోయారు. మిగిలినవి పది ఇళ్లు. ఆ పదీ నా మాట మీద మిగిలాయి.

మా ఊళ్లో ఇల్లంటే గోడలూ కప్పూ కాదు, నేల. సముద్రం గడప దాటినప్పుడల్లా నేల ఎత్తుకుంటాం. ఆ నేలలు ఎత్తేది నేను. అడుగున ఆల్చిప్పల గుల్ల మూరెడు పరిచి, పైన కొండ ఎర్రమట్టి పోసి, దిమ్మిస కొట్టి చదును చేస్తాను. కప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది, నేల మాత్రం పైకొస్తుంది. మా ఇంటి నేల మూడుసార్లు లేచింది. కిటికీ మోకాలి దగ్గరికి వచ్చింది. గుమ్మం దాటాలంటే నడుం వంచాల్సిందే. పొడుగు పెళ్లికొడుకును మా ఊరు ఒప్పుకోదని చుట్టుపక్కల వాళ్ల ఎగతాళి.

నేల కుంగుతుందేమోనని ఎవరైనా నసిగితే నేను ఒకటే చెప్పేవాణ్ణి. మట్టి కుంగుతుంది, గుల్ల కుంగదు. నా చేతి నేల నువ్వు పోయేదాకా ఉంటుంది. నాకు తెలుసు. అంతకుమించి మాట్లాడేవాణ్ణి కాదు.

నేను కదలకపోవడానికి కారణం వేరే ఉంది. అది అందరికీ తెలిసిందే, ఎవరూ నా ముందు అనరు. నా భార్య రుకాయా ఆ ఊరి మట్టిలో ఉంది. ఆమె సమాధిని కూడా రెండుసార్లు ఎత్తాను. ప్రతి గురువారం సాయంత్రం పడవలో పోయి పూలు చల్లి వచ్చేవాణ్ణి. ఆమెకు కడుపునొప్పి వచ్చిన రోజు నీళ్లు నడుం దాకా ఉన్నాయి, తలుపు పలక మీద మోసుకుపోవడానికి నలుగురు మగవాళ్లు కావాల్సి వచ్చారు. ముగ్గురే దొరికారు. నాలుగోవాడు ఎవడు రాలేదో నాకు గుర్తుంది. వాడు చచ్చిపోయాడు కూడా. అయినా గుర్తుంది.

నీఫాది ఒకటే మాట. "నువ్వు రాకుండా నేను పోను నాన్నా. కానీ ఇక్కడ ముసలిదాన్ని కాను." ఆ రెండు మాటలూ ఒకదానికొకటి ఎట్లా పొసుగుతాయో అది చెప్పలేదు, నేను అడగలేదు.

*

మొదట్లో ఆ సినిమా గొడవ నాకు పట్టలేదు. కానీ నీఫా అట్టముక్కలతో బొమ్మకు ఒక ఇల్లు చేసింది. వారం తిరక్కముందే తేమకు ఉబ్బి, పక్కకి ఒరిగింది. దాన్ని చూస్తూ అన్నం తినడం నావల్ల కాలేదు. పాత టేకు పీలికలు తీసుకుని నేనే చేశాను. నాలుగు స్తంభాలు, పలకల గోడలు, తెరుచుకునే తలుపు, పగిలిన పెంకు అరగదీసి వేసిన పైకప్పు. నేల మాత్రం పలక పలకగా ఎత్తడానికి వీలుగా వదులుగా పెట్టాను.

నీఫా ఆ చిన్న ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగింది. "ఇంత బాగా చేయకూడదు నాన్నా, ఇప్పుడు బొమ్మ అసహ్యంగా కనిపిస్తుంది," అంది. దాని మెచ్చుకోలు అట్లా ఉంటుంది. వాళ్లమ్మదీ అంతే.

సినిమాకు కావాల్సిందల్లా కదలకపోవడమట. ఏది కదిలినా అది తన చేత్తో కదిపిందే కావాలట. ఆ మాట నాకు నచ్చింది. ఏప్రిల్‌లో నేను కొత్తగా ఎత్తిన మధ్యగది నేల మీద బల్ల వేశాం. బల్లకు చిన్న ఇంటిని మేకులు కొట్టి బిగించాను. మా తాత నిలబెట్టిన టేకు స్తంభానికి ఇనప పట్టీ వేసి ఫోను కట్టాను. స్తంభం కింద, లోతున, రాయి ఉంది. వెనకాల అది గుడ్డ మీద సముద్రం గీసి, ఆ గుడ్డను పాత పలకల గోడకు కొట్టింది. చిన్న ఇంటి గడప కిందికి నీలం గీత సరిగ్గా వచ్చేటట్టు మేకు మేకుకూ నన్ను తిప్పలు పెట్టింది.

నీళ్లు ఇంటి చుట్టూ కొట్టుకునే వేళ ఫొటోలు తీయడం కుదరదు, పలకలు అదురుతాయి. నీళ్లు వెనక్కి తీసేదాకా ఆగాలి. దానికి ఆగడం చేతకాదు. అటూ ఇటూ తిరిగేది, గుమ్మంలోకి పోయి నీటిని చూసేది, వచ్చి నేను గోళ్లు కత్తిరించుకునే బ్లేడు తీసుకుని బొమ్మకు ఏదో సవరించేది. నాకూ కాలు నిలిచేది కాదు. పనిలేకపోయినా దిమ్మిస తీసుకుని నడవ కొట్టేవాణ్ణి. ఒకే ఇంట్లో ఇద్దరం బోనులో పిల్లుల్లాగా తిరిగాం ఆ రెండు నెలలూ.

ఒకరోజు చూస్తే అది బొమ్మ కాళ్లు కోస్తోంది. చిటికెనవేలి గోరంత ముక్క, రెండు కాళ్లకూ.

"కాళ్లెందుకు కోస్తున్నావ్?"

"నేల పైకొచ్చింది గదా. కప్పు పైకి రాలేదు. మధ్యలో ఎవరు తగ్గాలి మరి?"

నేను లేచి బయటికి నడిచాను. గుమ్మం దాటేటప్పుడు వంగడం మర్చిపోయి నుదురు కొట్టుకున్నాను.

మా పక్కింటి తూమీ అక్క అప్పుడప్పుడూ చూడటానికి వచ్చేది. రొయ్యలు దంచి, ఎండబెట్టి, పచ్చడి ముద్దలు చేసి అమ్ముకుంటుంది. మనిషి రాకముందే వాసన వస్తుంది. అరవై దాటినా నాలుక మాత్రం పదును తగ్గలేదు. పెనిమిటి లేడు, పిల్లలు లేరు. రెండేళ్ల కింద ఆమె చెల్లెలి కుటుంబం కొండ మీద ఊరికి పోతూ తనతో రమ్మంది. వెళ్లాలా వద్దా అని అక్క నన్నే అడిగింది. నీ నేల నేనే ఎత్తాను, నాకు తెలుసు, కదలనక్కర్లేదని చెప్పాను. ఆమె ఉండిపోయింది.

బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది తూమీ అక్క. "అచ్చం మీ నాన్నే నీఫా. ఒక్కటే పోలిక తప్పింది. వీడు ఎటు వంచితే అటు వంగుతున్నాడు."

నీఫా నవ్వింది. దాని నవ్వు విని చాలా రోజులైంది. నేను దిమ్మిస తీసుకుని బయటికి పోయాను.

జూలై మొదటి వారానికి నిమిషంన్నర సినిమా అయింది. మనిషి మట్టి మోస్తాడు, నేల ఎత్తుతాడు, కాస్త పొట్టివాడవుతాడు, మళ్లీ మోస్తాడు. అంతే కథ. ఆఖరి అరనిమిషం దానికి తేలలేదు. అన్నం దగ్గర నన్ను అడిగింది, చివరికి వీడు ఏమవుతాడని.

ఇంకో తట్ట పోస్తాడన్నాను. ఆ తర్వాత అంది. ఇంకోటి అన్నాను. తల కప్పుకు తగులుతుంది గదా అంది. అప్పుడు కప్పు ఎత్తుతాడన్నాను.

అది కంచం ముందు నుంచి లేచింది. తినని అన్నం మీద మూత పెట్టి, "నీకు అన్నీ తెలుసు నాన్నా," అంది. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, అక్కడితో సరిపోయేది.

తర్వాత వారం అది బొమ్మను ఊరికే నిలబెట్టింది. ఏమీ చేయించలేదు. రోజూ వచ్చి, బొమ్మ తల ఇంత తిప్పి, నాలుగు ఫొటోలు తీసి లేచేది. ఫ్యాక్టరీ వాళ్లు పట్నంలోనే ఉండే ఆడపిల్లలకు గదులు ఇస్తున్నారని ఒకరోజు గోడతో చెప్పినట్టు చెప్పింది. గోడ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

*

జూలై ఆఖరికి ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా, ఆదివారం పొద్దున, నీళ్లు బాగా తీసి ఉన్న వేళ, అది ఫొటోలన్నీ వరసగా అతికింది. నన్ను పిలిచింది. పిలవదనుకున్నాను. ఇద్దరం మధ్యగదిలో చాప మీద కూర్చున్నాం. ఫోను నా చేతికిచ్చింది.

ఉలికిపడ్డట్టు నడుస్తున్నాడు మనిషి. కావడి ఊగుతోంది. మట్టి పోస్తున్నాడు. కాళ్లు తగ్గుతున్నాయి. నాకు మనిషి మీద కన్ను నిలవలేదు. వెనకాల సముద్రం లేస్తోంది. మొదట గడప కింద ఉన్న నీలం గీత గడప ఎక్కింది. తర్వాత తలుపు మీదికి పాకింది. ఎంత నెమ్మదిగా అంటే, లేస్తోందని కాదు, లేచిందని తెలుస్తుంది. ఆఖర్న మనిషి ఊరికే నిలబడి అటూ ఇటూ చూస్తుంటే గీత కిటికీ అంచుకు చేరింది. అక్కడ సినిమా ఆగిపోయింది.

నా జన్మలో దాన్ని మెచ్చుకున్నది తక్కువ. ఆ రోజు నోరు జారింది. "సముద్రాన్ని బాగా ఎక్కించావే," అన్నాను.

అది నా ముఖం వంక చూడలేదు. ఫోను వంకే చూస్తూ ఉంది.

"సముద్రాన్ని నేను కదపలేదు నాన్నా."

గుడ్డ జారిందేమో అన్నాను. మేకులు నువ్వే కొట్టావు అంది. ఫోను జారిందేమో అన్నాను. పట్టీ నువ్వే బిగించావు అంది. తర్వాత, నన్ను ఊరడించడానికన్నట్టు, ఇది పెద్ద పని కాదనీ, ఒక్కో ఫొటోలోనూ ఇంటి భాగాన్ని విడిగా కత్తిరించి కాస్త పైకి జరిపితే గీత మళ్లీ గడప కిందికి పోతుందనీ, చూసేవాళ్లకు తెలియదనీ చెప్పింది.

గుడ్డా ఫోనూ జారకపోతే మిగిలింది బల్ల కింది నేలే. నేను లేచాను. నేల ఎత్తిన ప్రతి ఇంట్లో పని అయిన రోజు స్తంభం మీద కత్తితో గాటు పెడతాను, నేలకు సరిగ్గా మూరెడు ఎత్తున. మా నాన్న పెట్టేవాడు, నేను పెడతాను. పెట్టాక మళ్లీ కొలిచింది లేదు. కొలవాల్సిన పని ఏముంది, నాకు తెలుసు గదా. మోకాళ్ల మీద కూర్చుని, మోచేయి నేలకానించి, చేయి నిలబెట్టాను. వేలి కొస గాటును అందుకోలేదు. మధ్యలో నాలుగు వేళ్లు పట్టాయి. బెత్తెడు.

మూడు నెలల్లో బెత్తెడు. అదీ స్తంభంతో పోలిస్తే. స్తంభం కూడా దిగుతూనే ఉండి ఉంటుంది. దాన్ని కొలవడానికి మా ఊళ్లో కదలనిది ఏదీ లేదు.

నీఫా నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. దాని చేతిలో ఫోను ఉంది, ఏదో సవరించడం మొదలుపెట్టినట్టుంది.

"జరపకు," అన్నాను. "ఉన్నదున్నట్టు ఉంచు."

*

ఆ మధ్యాహ్నం పడవ వేసుకుని ఇంటింటికీ పోయాను. ఎక్కడా కూర్చోలేదు. స్తంభం దగ్గరికి పోవడం, మోచేయి ఆనించడం, ఎంత దిగిందో ఇంటివాళ్లకు చూపించడం. ఒకచోట మూడు వేళ్లు, ఒకచోట బెత్తెడున్నర. గుల్ల కూడా నలుగుతుంది, నేను అబద్ధం చెప్పాను, పోయి పేర్లు రాయించుకోండి అని చెప్పి లేచేవాణ్ణి. ఒకడు నవ్వాడు. ఒకావిడ తిట్టింది, తిట్టనిచ్చాను. ఒకాయన తలుపేసుకుని, సాయంత్రం తీసి, కార్యాలయం ఎన్నింటిదాకా ఉంటుందని అడిగాడు. వారంలో ఎనిమిది ఇళ్లు రాయించుకున్నాయి.

మిగిలింది తూమీ అక్క. ఆమె ఇంట్లో గాటుకీ నా వేలికీ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఆమె రొయ్యలు దంచుతూనే ఉంది. రోకలి ఆపలేదు.

"చూశావా అక్కా?"

"నువ్వు చూశావా, అది చెప్పు. నేను రోజూ చూస్తున్నా. జల్లెడ పెట్టుకునే గూడు నాకు అందకుండా పోయి ఏడాదైంది. ముసలిదాన్నై కుంగిపోతున్నాననుకున్నా."

"నాకు చెప్పొచ్చు గదా."

"నీకు తెలుసన్నావు గదరా." రోకలి ఆగింది. "నా చెల్లెలు పిలిచినప్పుడు నిన్నడిగాను. అప్పుడు దాని ఇంట్లో నాకో గది ఉండేది. ఇప్పుడు ఆ గదిలో కోడలుంది. నీ మాట మీద ఉన్నాను కస్మూదీ. నీ మాట మీద పోను. నా గడప దిగు."

దిగాను. ఇంకొకళ్లయితే బతిమాలేవాళ్లు. నాకు చేతకాదు. ఆమె స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

జూలై ఆఖరి రోజు కార్యాలయానికి పోయాను. బల్ల వెనకున్న కుర్రాడు కాగితాలు సర్దేస్తున్నాడు. అంతా రాసుకున్నాక ఇప్పుడా వచ్చేది అని విసుక్కుని, ఇంట్లో ఎంతమందని అడిగాడు.

"ముగ్గురం."

ఇద్దరే ఉన్నారు గదా అని పాత కాగితం తిరగేశాడు. మూడో మనిషి పేరు చెప్పాను. ఏమవుతుందని అడిగాడు. అక్క అన్నాను. సొంత అక్కా అన్నాడు. రాయవయ్యా అన్నాను. 'ఇతర బంధువులు' అన్న గడిలో రాశాడు. సంతకం పెట్టి బయటికి వచ్చేసరికి రోడ్డు మీదికి నీళ్లు వస్తున్నాయి. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాను.

కబురు నాకంటే ముందే ఊరు చేరింది. వంతెన మీద తూమీ అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది, పక్కన నీఫా. నేను దగ్గరికి పోతే ఆమె ముఖం నీఫా వైపు తిప్పింది.

"మీ నాన్ననడుగు, ఎవర్నడిగి నా పేరు రాయించాడో."

నీఫా నా వంక చూసింది.

అడిగితే వద్దంటుందని రాయించానన్నాను.

"మీ నాన్నతో చెప్పు, నేను అతని ఇంటి మనిషిని కాదు. చచ్చినా ఆ ప్రభుత్వం ట్రక్కు ఎక్కను."

ఆగస్టు రెండో వారంలో పెద్ద పోటు వచ్చింది. ఆమె ఇంట్లో పొయ్యి మునిగింది, ఎండబెట్టిన రొయ్యలన్నీ మళ్లీ సముద్రంలోకే పోయాయి. ట్రక్కు వచ్చిన రోజు తన మూటలు తనే మోసుకుని వచ్చింది. ఎక్కించడానికి చేయి చాపాను. పట్టుకోలేదు. నీఫా భుజం పట్టుకుని ఎక్కింది.

రుకాయాను తేలేదు. తవ్వడానికి మట్టి ఉండాలి, నీళ్లే ఉన్నాయి. అంతకుముందు ఏడాది మిగతావాళ్లు తమవాళ్ల ఎముకలు తవ్వి తీసుకుపోతుంటే వాళ్లను నానా మాటలూ అన్నాను. ఆఖరి గురువారం పూలు చల్లితే అవి ఎక్కడ ఆగాలో తెలియక కొట్టుకుపోయాయి. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

నీఫా సినిమాకు బహుమతి రాలేదు. ముగింపు లేదన్నారట. కానీ సముద్రం లేచే తీరు చాలా సహజంగా ఉంది, ఆ పద్ధతి ఏమిటో నలుగురికీ పనికొచ్చేటట్టు రాసి పంపగలరా అని అడిగారట. మా ఇంట్లో పెట్టి తీశాను అని ఒక్క వాక్యం రాసి పంపింది. అది తర్వాత ఇంకో సినిమా మొదలుపెట్టింది. అందులో నేను లేను.

ఇక్కడ, కొండ వైపు, ఇల్లు చిన్నది. సిమెంటు గచ్చు, ఎత్తు కప్పు. గుమ్మం ఎంత ఎత్తున్నా నేను వంగే దాటుతాను, అక్కా అంతే. ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు. అన్నానికి రమ్మనాలన్నా, ఉప్పు తెమ్మనాలన్నా నీఫాకు చెబుతుంది, నేను అక్కడే ఉన్నా సరే. నీఫా ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు గోడకు చెబుతుంది. నేనూ గోడకే జవాబిస్తాను.

మొదటి వాన పడిన రోజు ముగ్గురం అన్నం తింటున్నాం. కొండ మీంచి నీళ్లు ఇంటి వెనక మట్టిని కోసుకుంటూ పోతున్న చప్పుడు. ఆ చప్పుడు మాకెవరికీ తెలిసింది కాదు. తూమీ అక్క ముద్ద నోటిదాకా తెచ్చి ఆగింది.

"నీఫా, మీ నాన్ననడుగు. ఈ నేలైనా నిలుస్తుందా?"

నేను అరచెయ్యి గచ్చు మీద ఆనించాను. చల్లగా ఉంది. ఎవరు పోశారో, కింద ఏం వేశారో, ఎంత దిమ్మిస కొట్టారో.

"తెలియదని చెప్పు," అన్నాను.

నీఫా చెప్పలేదు. వాన చప్పుడులోనూ, ఆ గదిలో ఎవరి మాట ఎవరికైనా వినిపిస్తుంది.